చింతగింజల జిగురు

(పదకొండో భాగం)

కొత్తగా చదివేవాళ్ళ కోసం, ఇంతవరకు జరిగింది ఇది.

నేను చెంగల్రాయుణ్ణి. బోర్డులు రాసి బతికేవాణ్ణి. పదిహేనేళ్ళ కిందట పురసవాక్కంలో కుప్పుసామిగారు తన బట్టలకొట్టు మేడమీద వీడియో గేముల హాలు తెరిచినప్పుడు, అందులో మొదటి మిషను చెక్కపెట్టెకు రెండు పక్కలా బొమ్మ గీసింది నేను. నాలుగు నెలలు తిరక్కముందే మా అక్క మొగుడు కోదండరాం నా బొమ్మ మీద తన బొమ్మ వేసేశాడు. ఆ రోజు నుంచి వాళ్ళ గడప తొక్కలేదు. ఇప్పుడు కుప్పుసామిగారు లేరు. ఆయన కొడుకు వెంకట్రామ్ ఆ మిషనును బెంగుళూరులో పాత ఆటల హాలు పెడుతున్న ఒకాయనకు ఇస్తున్నాడు. బొమ్మ వెలిసిపోయింది, బాగుచేసి పెట్టమని నన్ను పిలిచాడు. పైరంగు గీకేస్తే అడుగున నాది భద్రంగా ఉంటుందని చెప్పింది నేనే. పోయిన శనివారం ఎడమ పక్క నడుమ జానెడు మేర గీకితే, నేను గీసిన రాకాసి కన్ను బయటికి వచ్చింది. నిన్న వేసినట్టు ఉంది.

మంగళవారం మధ్యాహ్నానికి ఎడమ పక్క కింది సగమంతా గీకేశాను. ఆ కన్ను తప్ప ఇంకేమీ రాలేదు. ఉత్త చెక్క వచ్చింది.

మిషనును దించిపెట్టిన వెంకట్రామ్ గోడౌన్ సౌకార్‌పేటలో ఒక సందు లోపల ఉంది. ఒక తోపుడుబండి పట్టేంత సందు. లోపల జాకెట్టు గుడ్డల బేళ్ళు, వాటి నడుమ మిషను. కిటికీ ఒకటే. ఆ వెలుగు చాలు. బొగ్గుల ఇస్త్రీపెట్టెను రంగుకు దగ్గరగా పట్టుకుంటే ఎనామిల్ బుడగలు లేస్తుంది. అప్పుడు అరగదీసిన ఆక్సా బ్లేడుతో తోస్తే చాపచుట్టలా చుట్టుకుంటూ వస్తుంది. తొందరపడితే చెక్క గాయపడుతుంది. నేను తొందరపడలేదు.

ఉత్త చెక్క కనబడుతున్నకొద్దీ నాకు ఒకటే అనిపించింది. కోదండరాం నా బొమ్మ మీద వేయడమే కాదు, వేసేముందు నా బొమ్మను ఒక్క తునక మిగలకుండా గీకేశాడు. కన్ను ఒక్కటి మరిచిపోయాడు. పదిహేనేళ్ళుగా నేను అనుకున్నదానికన్నా ఆయన చెడ్డవాడు.

ఆ మాట ముందురోజు టీ అంగట్లో అన్నాను కూడా.

మూడు గంటలప్పుడు తలుపు దగ్గర చెప్పులు విడిచిన చప్పుడైంది. మా అక్క తాయారు వచ్చింది. నాకన్నా మూడేళ్ళు పెద్దది. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేత్తో గోడ పట్టుకుని ఉంది. పదకొండేళ్ళయింది నేను ఆమెను ఎదురుగా చూసి. నడుము వంగింది. గొంతు వంగలేదు.

"ఏరా చెంగా. ఇంకా చావలేదా?"

"లేదు."

"నేనుగూడా చావలేదు. తోడబుట్టినోళ్ళం గదా, మొండితనం ఒకటే ఉండాది."

బేలు మీద కూర్చుంది. చెంగుతో మొహం తుడుచుకుంది. ఇస్త్రీపెట్టె చూసింది. కింద పడిన రంగు చుట్టలు చూసింది. నీలం, ఎరుపు, పసుపు. కుప్పగా ఉన్నాయి.

"ఎవరు చెప్పారు?" అన్నాను.

"ఎవురు చెప్తే ఏమి? మా వీధి గోవిందసామి చెప్పినాడు. టీ అంగట్లో నిలబడి, కోదండరాం పూతంతా ఒలిచి పారేస్తుండా అన్నావంట గదా. పదిహేనేండ్లలో నువ్వు నలుగురిలో పలికింది అదొక్క మాటేనంట. మా వీధంతా అదే పేచ్చు, అవే మాటలు."

నేను మళ్ళీ బ్లేడు చేతికి తీసుకున్నాను.

"ఆపరా."

"పని ఉండాది."

"ఆపరా అంటే. మద్రాసుకు పేరే మార్చేసినారు, నువ్వు మాత్రం మారలా."

బ్లేడు కింద పెట్టాను. అక్క చెప్పింది కాబట్టి కాదు. బొగ్గులు చల్లారాయి.

"చూడు," అన్నాను. "నీ మొగుడు చేసిన పని కండ్లారా చూసుకో. నా బొమ్మ గీకి పారేసి తనది వేసుకున్నాడు. కింద ఏమన్నా మిగిలిందా? ఉత్త చెక్క."

అక్క చూసింది. ఎడమ పక్క పై సగంలో రాకాసి తల, నాలుగు చేతులు ఇంకా ఉన్నాయి. కోదండరాం గీసినవి. కింద నా కన్ను ఒక్కటి, ఉత్త చెక్క నడుమ. ఆమె నవ్వింది. పళ్ళు లేని నవ్వు. ఎందుకో నాకు అర్థం కాలేదు.

ఆ బొమ్మ సంగతి కొంచెం చెప్పాలి. అప్పట్లో మిషనులోని టీవీ గొట్టం, తీగలు మాత్రమే ఓడలో వచ్చేవి. పెట్టె ఇక్కడి వడ్రంగి చేసేవాడు. బొమ్మ కోసం ఒక కాగితం ఇచ్చారు, నల్లసిరా అచ్చు. ఆకాశంలో ఒంటికన్ను రాకాసి, ఎనిమిది చేతులు. కింద చిన్న రాకెట్టు మీద టోపీ పెట్టుకున్న మనిషి, ఆ రాకాసి మీదికి పోతుంటాడు. ఆట నేను చూడలేదు. ఏ రంగు వేయాలో కాగితం చెప్పలేదు. ఎనిమిది చేతులంటే మనకు తెలిసిందే గదా అని ఒక్కో చేతికి ఒక్కో బంగారు వంకీ పెట్టాను. కుప్పుసామిగారు చూసి, పరదేశం రాకాసికి వంకీలేమిటయ్యా అన్నారు. ఉండనీ బాగుంది అని కూడా ఆయనే అన్నారు.

"చెంగా," అంది అక్క. "దీనికి రంగు వేసేముందు కింద ఏం పూసినావు?"

"తెల్లది."

"తెల్లదాంట్లో ఏం కలిపినావు?"

నేను చల్లారిన బొగ్గులు కదిపాను.

"నువ్వు చెప్పకపోతే నేను చెప్తా. చింతగింజలు. నా పొయ్యి మీద వేయించినా. పొట్టు తీసినా. నానబెట్టినా. నా రోట్లో రుబ్బినా. రెండు నాళ్ళు ఇంట్లో ఆ కంపు పోలా. కాచి, వడగట్టి, సట్టితో నీకిచ్చినా. నువ్వు సుద్ద కలిపి ఎత్తకపోయినావు. లేదంటావా?"

"ఆమా, అవును. బ్యానరుకు అదే గదా పూసేది."

"ఇది బ్యానరా?"

నేను ముప్పై ఏళ్ళు సినిమా బ్యానర్ల కంపెనీలో పనిచేశాను. గుడ్డకు చింతగింజల జిగురులో సుద్ద కలిపి పూస్తాం. గుడ్డ డప్పు చర్మంలా బిగుసుకుంటుంది, రంగు పీల్చదు. బ్యానరు మూడు వారాలు నిలిస్తే చాలు. సినిమా మారగానే విప్పేస్తారు. చెక్కకు కూడా అదే పూశాను. చెక్కకు వేరే దారి ఉందని నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ ఎవరినీ అడగలేదు. కోదండరాం లారీ షెడ్డులో చెక్కకు, రేకుకు రంగులు వేసేవాడు. అడిగితే చెప్పేవాడే.

"మేడమీద ఏసీ," అంది అక్క. "పగలంతా చలి. ఆపేస్తే ఉక్క. తెల్లారితే చెక్కకు చెమట. మూడో నెల నుంచి రోజూ పొద్దున నేలమీద తెల్లగా పొట్టు రాల్తా ఉండె. కుప్పుసామిగారు సున్నం రాల్తా ఉందనుకుని కొత్తనారును పిలిపించి సీలింగుకు నిచ్చెన వేయించినాడంట. ఆ మేస్త్రీ పైనుంచి చూసి, సామీ, సీలింగు బాగానే ఉండాది, మీ రాకాసికే ముక్కు లేదు అన్నాడంట."

ఆమె మళ్ళీ నవ్వబోయి ఆపుకుంది.

"నువ్వప్పుడు యాడ ఉండావు?"

"నెల్లూరు. మిల్లు బోర్డులకు పోయినా. రెండు వారాలు."

"అదే. నువ్వు లేవు. మీ బావను పిలిపించినాడు. ఈ రాయుడి పని ఇంతేనా, బజారంతా చెప్తా, ఇంక వాడికి ఒక్క అంగడి బోర్డు దొరకనీయను అని ఎగిరినాడు. మీ బావ ఏం చెప్పినాడో తెలుసునా? సామీ, తప్పు నాది, మొన్న చూడను వచ్చినప్పుడు మురికిగా ఉందని కిరసనాయిలు గుడ్డతో తుడిచినా, నేనే చెడిపినా, వారం టైమివ్వండి, మళ్ళీ వేసిస్తా అన్నాడు."

కిటికీలోంచి సందులో తోపుడుబండి వాడి కేక వినిపించింది. దారి దారి అంటున్నాడు.

"వారం హాలు మూసినారు. మీ బావ షెడ్డుకు లీవు పెట్టి ఈ మిషను ముందు కూర్చున్నాడు. రెండు పక్కలా ఊడిపోయింది ఊడిపోగా, పట్టు లేనిదంతా తీసేసి, అవిసెనూనెలో సుద్ద కలిపిన పట్టీ పెట్టి, రుద్ది, మళ్ళీ వేసినాడు. నేను రోజూ సద్ది ఎత్తకపోయి ఇచ్చినా. ఈడ కూర్చున్నట్టు ఆడ కూర్చుని చూసినా."

"అబద్ధం," అన్నాను.

"అట్నా?"

మిషను అంచుల వెంట చెక్కకు ఒక సన్నటి అల్యూమినియం బద్దీ కొట్టి ఉంటుంది. నేను బొమ్మ వేసినాక వడ్రంగి కొట్టింది. తర్వాత ఎవరూ దాన్ని విప్పలేదు, మేకులు చూస్తే తెలుస్తోంది. స్క్రూడ్రైవరు దూర్చి ఒక మూర లేపాను. దాని కింద వేలెడు వెడల్పున నా పాత పూత ఉంది. తెల్లగా లేదు. బూడిదరంగుకు తిరిగింది. నల్లటి చుక్కలు, బూజు పట్టిన జాడ. అంచులు ఎండుటాకులా పైకి లేచాయి. గోరు తగలగానే రాలింది.

రాలింది అరచేతిలోకి తీసుకున్నాను. కూజా నీళ్ళు రెండు చుక్కలు వేసి బొటనవేలితో నలిపాను. జిగురైంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

పులిసిన పిండి వాసన. దాని అడుగున వేయించిన గింజ వాసన. ఆ వాసన మధ్య నేను ముప్పై ఏళ్ళు అన్నం తిన్నాను.

కన్ను ఎందుకు మిగిలిందో కూడా అప్పుడే తెలిసింది. సరిగ్గా దాని వెనక, పెట్టె లోపల, టీవీ గొట్టం ఉంది. గొట్టం వేడికి ఆ జానెడు చోటు ఎప్పుడూ పొడిగా ఉంది. మిగతాదంతా తడికి వదిలేసింది. కోదండరాం దాన్ని మరిచిపోలేదు. పట్టు ఉన్నదాన్ని ఆయన తీయలేదు.

"ఒకటి చూడరా," అంది అక్క. లేచి వచ్చి పై సగంలో రాకాసి చేతుల మీద వేలు పెట్టింది. "ఇవేంది?"

వంకీలు. నాలుగు చేతులకూ నాలుగు. నేను కుడి పక్కకు వెళ్ళి చూశాను. అక్కడ ఇంకా బ్లేడు పెట్టలేదు. ఎనిమిది చేతులకూ ఎనిమిది వంకీలు. అచ్చు కాగితంలో లేనివి. నేను పెట్టినవి.

"ద్వేషం ఉన్నోడు వంకీలు పెడతాడా?"

పదిహేనేళ్ళ కిందట నెల్లూరు నుంచి వచ్చి మేడెక్కి చూసినప్పుడు నాకు వంకీలు కనబడలేదు. గీత ఒక్కటే కనబడింది. నాది కాని గీత. అటు నుంచి అటే లారీ షెడ్డుకు వెళ్ళాను. అందరూ చూస్తుండగా కోదండరాం రంగుడబ్బాలు కాలితో తన్నాను. ఆరు డబ్బాలు. ఆయన లేచి నిలబడి, రంగు వేస్ట్ చేయొద్దురా అన్నాడు. ఇంకేమీ అనలేదు. నాలుగేళ్ళకు వాళ్ళమ్మాయి సింధూరి పెళ్ళైంది. పెళ్ళికూతురిని గంపలో కూర్చోబెట్టి మండపానికి మోసుకురావలసింది మేనమామ. అక్క గడపదాకా వచ్చి పిలిచి పోయింది. నేను పోలేదు. ఎవరో దూరపు వరస మామను పట్టుకొచ్చారని తర్వాత విన్నాను. ఆయన సగం దారిలో గంప దించేశాడట, నడుము పట్టిందని.

"నాకెందుకు చెప్పలేదు?"

"మీ బావ వద్దన్నాడు. బ్యానరు కంపెనీలో తగాదా పెట్టుకుని నువ్వు అప్పుడే బయటికి వచ్చినావు. సొంతంగా చేసిన మొదటి పని ఇదే. చెప్తే బ్రష్షు కింద పెట్టేస్తావన్నాడు. వాడికి కోపమొస్తే ఇంకా బాగా గీస్తాడే, సిగ్గొస్తే గీయడు అన్నాడు. నా తలమీద చెయ్యి పెట్టి ఒట్టు వేయించుకున్నాడు."

"ఇప్పుడు ఒట్టు తీసేసినాడా?"

"లేదు. నేనే తెంపుకున్నా. దేవుడు కొడితే కొట్టనీ, డెబ్బై ఏండ్లు దగ్గరకొచ్చె. ఇంక కొట్టేదానికి నాలో ఏముండాది?"

నేను రంగు చుట్టల కుప్ప వైపు చూశాను. అక్క కూడా అటే చూసింది. మాట్లాడుతున్నప్పుడు గొంతు మొదటిసారి కిందికి దిగింది.

"ఆయనకు కండ్లు పోయి నాలుగేండ్లు. షుగరు. లారీలకు ఏడాదికోసారి రంగు మారుస్తారు గదా, ఆయన గీసిందేదీ మిగల్లా. పాత లారీలు తుక్కుకు పోయినాయి. షెడ్డే లేదు. అప్పుడప్పుడు అడుగుతాడు, ఆ మిషను ఉండాదా అని. ఉండాదిలే అంటా. ఇంక ఏమీ అడగడు. ఈ ఊర్లో ఆయన చేతి పని ఇదొక్కటేరా చెంగా. దాన్ని నువ్వు ఇస్త్రీ చేసి ఒలుస్తుండావు."

కుప్పలోంచి ఒక చుట్ట తీశాను. విప్పబోతే విరిగింది.

నాలుగున్నరకు వెంకట్రామ్ వచ్చాడు. మనిషి మంచివాడే. మాట ముందు, చూపు తర్వాత.

"ఏంది పెద్దాయనా, అయిపాయెనా? శుక్రవారం పొద్దున లారీ." అప్పుడు చెక్క చూశాడు. "ఇదేంది? బొమ్మ యాడ? కింద ఒరిజినల్ ఉండాదంటిరి?"

"లేదు."

"లేదంటే? బెంగుళూరాయనకు ఫోన్ చేసి చెప్పేసినానే, పైది తీసేస్తే అడుగున ఒరిజినల్ అని. ఆయన సంతోషపడి ఫోన్‌లోనే కేక వేసినాడు."

"పైదే ఒరిజినల్," అన్నాను. "నాది ఊడిపోయింది. తప్పు నాది."

వెంకట్రామ్ నన్నూ అక్కనూ చూశాడు. "ఈమె ఎవురు?"

"నేను వీడి అక్కను నాయనా. పైది గీసినోడి పెండ్లాన్ని."

"ఓహో," అన్నాడు. కొంచెంసేపు తల గోక్కున్నాడు. "చూడండి పెద్దాయనా, నాకు రాకాసి కావాల. ఎవురి రాకాసి అయితే నాకేమి? సగం రాకాసిని మాత్రం పంపలేను. మౌంట్ రోడ్డులో స్టిక్కరు కోసేవాళ్ళు ఉండారు. కంప్యూటర్లో పెడితే పరదేశం బొమ్మ అట్నే వస్తాదంట. గంట పని. రెండు పక్కలా చెక్క నున్నగా రుద్దేసి అతికించేస్తారు."

"కుడి పక్క బొమ్మ నిండుగా ఉండాది."

"ఒక పక్క బొమ్మ, ఒక పక్క స్టిక్కరా? మొగుడు పంచె, పెండ్లాం గౌను కట్టినట్టు ఉంటాది."

"నేను గీకింది నేను గీస్తా. ఆయన గీసినట్టే."

"గీయగలరా?"

ఆ మాటకు జవాబు చెప్పడానికి కుడి పక్క ముందు కాసేపు నిలబడ్డాను. బ్యానరు వాడిది దూరం నుంచి చూసే పని. రంగు పక్కన రంగు ముద్దగా పెట్టుకుంటూ పోతాం, వీధి అవతల నిలబడితే ముక్కు మొహం వస్తాయి. లారీ వాడిది ఒకే గీత. భుజం దగ్గర బ్రష్షు పెడితే వేళ్ళ దాకా ఎత్తడు. ఎనిమిది చేతులు, ఎనిమిది గీతలు. పక్కనే ఆనుకుని పాలమీగడలా ఒక తెల్ల గీత, వెలుగు కోసం. ఎక్కడా చేయి వణకలేదు.

"గీయలేను," అన్నాను.

"మరి?"

"ఆయన్ను అడగాల."

వెంకట్రామ్ గడియారం చూసుకున్నాడు. "గురువారం సాయంత్రం దాకా చూస్తా. అప్పటికి రెండు పక్కలా రాకాసి ఉంటే సరి. లేదా శుక్రవారం తెల్లారేసరికి స్టిక్కరు వాళ్ళు వస్తారు. నన్ను తిట్టుకోవద్దు."

అక్క గొడుగు తీసుకుంది. నేను చేతులు టర్పెంటైనుతో తుడుచుకుని చొక్కా వేసుకున్నాను.

వ్యాసర్పాడికి, అక్కావాళ్ళ ఇంటికి, ఆటోలో పోయాము. బ్రిడ్జి ఎక్కేముందు అక్క నా మోచేయి పొడిచింది.

"ఒకటి చెప్తా, విను. ఎంత పోయిందని అడిగితే ఒక మూల అని చెప్పు. ఒక మూలే. సగం అనొద్దు. ఆయనకేమన్నా కనబడ్తాదా? నువ్వు మళ్ళీ గీసేస్తావు, అయిపోతాది. ఆయన దగ్గర గీత ఎట్ల లాగాలో అడిగి తెలుసుకో. అంతే. తెలిసెనా?"

"తెలిసె."

రైలు యార్డు గోడ వెంట వీధి. ఇల్లు నాకు తెలిసిన ఇల్లే, తలుపు రంగు మాత్రం మారింది. పగుళ్ళిచ్చింది. ఎవరో తెలియనివాళ్ళు వేసిన రంగు.

కోదండరాం నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. బనియను, లుంగీ. మనిషి సగమయ్యాడు. తలుపు చప్పుడుకు మొహం తిప్పాడు గాని నా వైపు కాదు, నాకు జానెడు పక్కకు.

"ఎవురు తాయారూ, కూడా?"

అక్క గొడుగు మూలకు ఆనించింది. నేను చెప్పులు విడిచాను.

ఆయన గాలి పీల్చాడు. రెండుసార్లు.

"కాలిన ఎనామిల్ వాసన. టర్పెంటైను." కొంచెం ఆగాడు. "చెంగా?"

"ఆమా బావా."

"కూర్చో."

కూర్చున్నాను. అక్క చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. తాగాను. ఆయన నేను తాగడం అయ్యేదాకా ఆగాడు. చెంబు కింద పెట్టిన చప్పుడు విన్నాక అడిగాడు.

"ఎంత వరకు గీకినావు?"

అక్క ఆయన వెనక నిలబడి ఉంది. బొటనవేలూ చూపుడువేలూ కలిపి నాకు చూపించింది. ఇంత.

"ఒక మూల," అన్నాను.

"ఏ మూల?"

"ఎడమ పక్క. కింద."

"కిందనా? కింద మన టోపీవాడు ఉండాడే, రాకెట్టు మీద. వాడు పోయినాడా?"

"వాడు…" అక్క వేళ్ళ వైపు చూశాను. "వాడు ఉండాడు."

కోదండరాం తలూపాడు. మొహంలో ఏమీ మారలేదు. మంచం పట్టె మీద చేయి ఆనించి లేచాడు. గోడ వెంట నాలుగడుగులు వేసి, మేకుకు తగిలించిన చొక్కా తడుముకుని తీశాడు.

"ఏడికి?" అంది అక్క.

"కండ్లు పోయినాయి గాని చేతులు పోలేదు గదే. ఎనామిల్ గీత చెక్క మీద లేచి ఉంటాది, వేలికి తగుల్తాది. నా గీత ఒకటి తాకి చూసి ఎన్నాళ్ళాయె." బొత్తాలు పెట్టుకుంటున్నాడు. ఒకటి తప్పి పెట్టాడు. "ముందు ఆ టోపీవాణ్ణి చూస్తా. వాడి మొహం నాకు మూడుసార్లు కుదర్లా. నాలుగోసారి వచ్చినాడు. చెంగా, ఏ ఆటోలో వస్తిరి? పోయినాడా వాడు?"

చేయి చాపాడు. గాలిలో కొంచెం వెతికి నా భుజం పట్టుకుంది. గట్టి పట్టు.

బయట ఆటో ఇంకా ఆగే ఉంది.